ఏసీ బండిలో పది కిలోల పుట్టగొడుగులు

నాగలత వాళ్ల బండికి ఏసీ ఉందన్న సంగతి మీట చూసినవాళ్లకు తెలిసేది గానీ, లోపల కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. ఎనిమిది మంది పట్టే పాత డీజిల్ బండి అది. పద్దెనిమిదేళ్ల కిందట మిర్చికి మంచి ధర పలికిన ఏడాది మామగారు బసవపున్నయ్య కొన్నారు. ఆ ధర మళ్లీ రాలేదు, ఆ బండి మళ్లీ పోలేదు. మీట నొక్కితే చిన్న పచ్చలైటు వెలిగేది, ఇంజను ఒకసారి మూలిగేది, ఆ తర్వాత ఎవరో పక్కన నిలబడి నిట్టూర్చినట్టు ముఖానికి కాస్త గాలి తగిలేది. అంతే.

జూలూరుపాడు సెంటర్లో మెకానిక్ కోటేష్ ఏటా ఏప్రిల్‌లో "గ్యాస్ తగ్గింది మేడమ్" అని తేల్చి గ్యాస్ నింపేవాడు. పొద్దున ఏడింటికి, షెడ్డు నీడలో, గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి "చూడున్రి, ఎంత సల్లగొస్తున్నదో" అనేవాడు. ఏడింటికి ఆ షెడ్డులో సుత్తి కూడా చల్లగానే ఉంటుంది. నాగలత భర్త జయప్రకాశ్‌ని అడిగితే, "అద్దం దించుకో, అదే ఏసీ" అనేవాడు. ఆయన కాలేజీకి మోటార్‌సైకిల్ మీద వెళ్లి వస్తాడు. ఆయనకి అద్దాలెప్పుడూ దించే ఉంటాయి.

ఇన్నేళ్లూ నాగలత కూడా పెద్దగా పట్టించుకోలేదు. పెళ్లికి వెళ్లేటప్పుడు చెమట, వచ్చేటప్పుడు చెమట. పెళ్లికొడుక్కే తప్పనిది తనకేం తప్పుతుంది? కానీ ఈ మే నెలలో ఆ బండిలో కూర్చోబోయేది పాల పుట్టగొడుగులు. అవి మనుషుల్లాగా సర్దుకుపోవు.

ఇరవై మూడేళ్ల కిందట బోటనీలో డిగ్రీ తెచ్చుకుని, దాన్ని ఇంతవరకూ పెసర మొలకల మీద తప్ప ఇంకెక్కడా వాడని నాగలత, పోయిన ఏడాది పుట్టగొడుగుల శిక్షణకు వెళ్లింది. అక్కడ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి సక్రి. ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన ఉన్న తండా ఆమెది, యాభై అయిదేళ్లుంటాయి. శిక్షణ ఇచ్చినాయన మూడు రోజులు చెప్పిందంతా విని, చివర్లో సక్రి ఒక్క మాటే అడిగింది. "సారూ, ఇవన్నీ చేసినంక కొనేటోడు ఎవ్వడు?" ఆ ప్రశ్నకు ఆయన టీ తాగడానికి వెళ్లాడు. నాగలత మాత్రం వెతకడానికి వెళ్లింది.

సక్రి బర్రెల కొట్టం ఖాళీ చేసింది. చుట్టూ తడి గోనెలు వేలాడదీసి, గడ్డి నింపిన సంచులు తాళ్లకు కట్టి, మరో ఆరుగురు ఆడవాళ్లను కలుపుకొంది. కొనేవాడు భద్రాచలంలో దొరికాడు. యాత్రికులు తినే పెద్ద శాకాహార హోటల్, దాని మేనేజర్ ఉదయ్ భాస్కర్. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది కిలోలు. కొత్తగూడెంలో చిల్లరగా అమ్మితే పది కిలోలు పోయేసరికి సగం వాడిపోతాయి. పది కిలోలూ ఒకేచోట తీసుకునేది ఆ హోటల్ ఒక్కటే. అది పోతే కొట్టంలోకి బర్రెలు తిరిగి రావలసిందే.

మొదటిసారి అరవై కిలోమీటర్లు వెళ్లేసరికి డబ్బాల లోపల చెమట పట్టి, తెల్లటి గొడుగులు టీ మరకలు పడ్డ బట్టల్లా అయ్యాయి. రెండోసారి ఐసు పెట్టుకుని వెళ్లారు. ఐసు కరిగింది, గొడుగులు జిగురెక్కాయి. ఉదయ్ భాస్కర్ మంచివాడే, కాని ఆయనకూ ఒక ఓనరున్నాడు.

"మూడోపాలి తీస్కరాండ్రి మేడమ్" అన్నాడు ఫోన్లో. "పదకొండు కల్లా కిచెన్ల ఉండాలె. ఈపాలి గూడ గట్లనే వస్తే ఇగ నన్నేమనకుండ్రి, బెజవాడోళ్లకు ఆర్డరు చెప్పుకుంట."

ముందురోజు బండి కోటేష్ దగ్గరికి తీసుకెళితే, ఈసారి గ్యాస్ కాదన్నాడు. కంప్రెసర్ మొత్తం మార్చాలట, అది హైదరాబాద్ నుంచి రావాలట, వారం పడుతుందట. పుట్టగొడుగులకు వారం అంటే మూడు జన్మలు.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకే తండాలో ఎండ నెత్తి మీద చెయ్యి వేసింది. ఒక్కో కిలో చొప్పున పది డబ్బాలు వెనక సీట్లో పేర్చారు. నాగలత తాళం తిప్పబోతుంటే సక్రి అడ్డంగా వచ్చి నిలబడింది. రెండు చంకల్లో రెండు బిందెలు.

"ఆగు లతమ్మా. రెండుపాలి ఊకెనే పోయినం, గట్లనే అయింది. ఇయ్యాల నీళ్లు పోసే పోవాలె."

కొత్త సరుకుతో బండి తండా దాటేటప్పుడు దాని ముందర నీళ్లు పోసి మొక్కుకోవడం వాళ్ల అలవాటు. మామూలుగా చెంబెడు నీళ్లు చక్రాల ముందు పోస్తారు, అయిపోతుంది.

"పొయ్యండి సక్రక్కా, కాస్త జల్దీ."

"దేవునితోటి జల్దీ ఏంది?" అంది సక్రి.

ఆమె చక్రాల ముందు పోయలేదు. రెండుసార్లు తప్పిపోయింది కూడా కలిపి, రెండు బిందెల నీళ్లూ బండి మొహాన, ముందు జాలీలోకి, బర్రెను కడిగినట్టు గుమ్మరించింది. వేపమండ ఒకటి అద్దం మీద కొట్టింది. అప్పుడెక్కి కూర్చుని, "ఇగ పోనియ్యి" అంది.

తండా దాటి రోడ్డెక్కారో లేదో నాగలత ముంజేతికి ఏదో తగిలింది. మొదట అనుమానంగా, తర్వాత స్పష్టంగా. చల్లటి గాలి! ఏసీ గాలి! పద్దెనిమిదేళ్ల బండి పెళ్లినాటి ఉత్సాహంతో ఊదుతోంది.

"సక్రక్కా, చెయ్యి పెట్టి చూడండి!"

సక్రి చెయ్యి పెట్టలేదు. కొంగు సవరించుకుని, "నాకు ఎరకే" అంది.

ఏడెనిమిది కిలోమీటర్లు మహారాణుల్లా వెళ్లారు. ఆ తర్వాత గాలి మెల్లగా వెచ్చబడింది. ఇంకో కిలోమీటరుకు మళ్లీ పాత నిట్టూర్పే. ఇంజను వేడి చూపే ముల్లు కూడా పైకి పాకుతోంది. సక్రి మొహం చిన్నదైంది.

"తల్లికి ఏం తక్కువైందో" అంది. "నీళ్లు తక్కువైనయంటవా?"

నాగలత నవ్వబోయి ఆగింది. నీళ్లు తక్కువైనాయి. అంతే కదా! నీళ్లు పోస్తే చల్లబడింది, ఆరిపోతే వెచ్చబడింది. గ్యాస్ లేకపోతే ఎన్ని బిందెలు పోసినా చల్లబడదు. కంప్రెసర్ చచ్చిపోయి ఉంటే దేవుడు కూడా మెకానిక్‌నే పిలవాలి. అంటే అవి రెండూ బాగానే ఉన్నాయి.

ఆమెకు వంటింట్లో ఫ్రిజ్ గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట సున్నం వేయించాక దాన్ని గోడకు ఆనించి పెట్టారు. పాలు విరిగాయి, పెరుగు పులిసింది, అది పాతదైపోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. నాగలత దాన్ని ముందుకు లాగి, వెనక ఉన్న నల్ల కడ్డీలకు పట్టిన బూజు దులిపింది. అప్పటినుంచి నీళ్లసీసాలు పళ్లు జివ్వుమనిపిస్తున్నాయి. లోపలి వేడి బయటకు పోవడానికి దారి ఉండాలి. ఫ్రిజ్‌కి ఆ దారి వెనక ఉంటుంది. బండికి ముందు ఉంటుంది, సక్రి నీళ్లు గుమ్మరించిన చోటే.

"సక్రక్కా, తల్లి చెప్పాల్సింది చెప్పేసింది" అంది నాగలత. "మనకే అర్థం కాలేదు."

సుజాతనగర్ దాటాక రోడ్డు పక్కన పంక్చర్ షాపు కనిపించింది. పక్కనే నీళ్ల తొట్టి. తొట్టి గట్టు మీద కూర్చుని ఒక పెద్దాయన ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. పేరు బొజ్జయ్య అని రేకు మీదే రాసి ఉంది. టైము తొమ్మిదీ అయిదు.

నాగలత ఇంజను ఆపలేదు. సక్రిని లోపలే కూర్చోబెట్టి గాలి దగ్గర చెయ్యి పెట్టమంది. తను తొట్టిలోంచి బకెట్టుతో నీళ్లు ముంచి జాలీ మీద పోసింది.

బొజ్జయ్య ట్యూబు వదిలేసి చూశాడు. "ఏందమ్మా, బండికి తానం పోస్తున్నరు?"

"చూస్తూ ఉండు తాతా" అని లోపలికి కేక వేసింది. "వస్తోందా?"

"ఏం రాలే."

ఇంకో బకెట్టు.

"వస్తున్నది... ఆఁ, వస్తున్నది లతమ్మా! సల్లగ! ఇంగో బకెట్ పొయ్యి!"

"చాలు. ఇప్పుడు పొయ్యను. ఆగిపోతే చెప్పండి."

రెండు నిమిషాలకు లోపలినుంచి దిగాలుగా వినపడింది. "ఆగింది."

అనుమానం తీరిపోయింది. నాగలత ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఫోన్ లైటు వేసి ముందుకు వంగింది. రేడియేటర్‌కి ముందు ఏసీ పలక, సన్నటి రేకుల జాలీ, ఉండాలి. ఆ చోట జాలీ లేదు. బూడిదరంగు పరుపు ఉంది.

బొజ్జయ్య కూడా వంగి చూశాడు. "ఇది ఏసీ కాదమ్మా. దీని మీద పండుకోవచ్చు."

ముందు గ్రిల్లు ఊడదీస్తే గానీ చెయ్యి పోదు. బొజ్జయ్య స్క్రూడ్రైవర్ తెచ్చి నాలుగు మరలు విప్పేలోపు, సక్రి డబ్బాలన్నీ బండిలోంచి దించి షాపు వెనక నీడలో పెట్టింది. అక్కడ నీడ కూడా వేడిగానే ఉంది. కొంగుతో డబ్బాలకు విసురుతూ, ఒకసారి ఎండ వైపు, ఒకసారి నాగలత వైపు చూస్తోంది. ఏడుగురు ఆడవాళ్ల రెండు నెలల కష్టం పది ప్లాస్టిక్ డబ్బాల్లో కూర్చుని ఉంది.

గ్రిల్లు ఊడింది. పరుపు అంచు పట్టుకుని లాగితే రాలేదు. ఎందుకు రాదో దగ్గరగా చూస్తే తెలిసింది. దూది, దాని మీద లారీల నుంచి రాలిన బొగ్గుపొడి, మిరప గింజలూ పొడీ, ఎండిన సీతాకోక రెక్కలు, వీటన్నిటి కింద ఒక గుడ్డ. ఒకప్పుడు నీలంరంగు దోమతెర. నాలుగు మూలలా సుతిలి తాడుతో, ముడి మీద ముడి వేసి, జాలీకి బిగించి కట్టి ఉంది. మెకానిక్ చేతి ముడి కాదది. మిరప బస్తా మూతి కుట్టే చేతి ముడి.

నాగలత ఫోన్ తీసింది.

"మామయ్యగారూ, బండి ముందు దోమతెర కట్టింది మీరేనా?"

"అవునమ్మా" అన్నారు బసవపున్నయ్య, సంతోషంగా. "మనం పత్తి మిల్లుకు తిరిగే రోజుల్లో, జాలీలోకి దూది పోతోందని నేనే కట్టాను. ఏడేళ్లయిందేమో. ఏం, ఊడిపోయిందా?"

"ఊడలేదండీ. చాలా గట్టిగా కట్టారు."

"మరి! నేను కడితే అలాగే ఉంటుంది. మాసి ఉంటుందేమోగానీ, కొత్తది కట్టించమంటావా?"

"వద్దండీ" అంది నాగలత చాలా మర్యాదగా. "ఈసారికి నేను చూసుకుంటాను."

దూదిని ఆపడానికి కట్టిన తెర దూదిని ఆపింది. గాలినీ ఆపింది. కోటేష్ ఏడు ఎండాకాలాలు గ్యాస్ పట్టాడు గానీ, ఒక్కసారి కూడా ముందుకు వచ్చి వంగి చూడలేదు. ఆ మాటకొస్తే తనూ చూడలేదు. ఫ్రిజ్‌ని లాగిన మనిషి బండి ముందు వంగడానికి ఇన్నేళ్లు పట్టింది. బానెట్ కింద సంగతులు మగవాళ్లవని ఎవరు చెప్పారో ఆమెకు గుర్తులేదు; ఎవరూ చెప్పకుండానే నమ్మినట్టుంది.

బొజ్జయ్య బ్లేడుతో సుతిలి కోశాడు. పరుపు ఒక్క ముక్కగా ఊడి వచ్చి ధబ్బున పడింది. ఆ వెంటనే ముగ్గురూ వరసగా తుమ్మారు. మిరపపొడి ఏడేళ్లయినా ఘాటు వదల్లేదు.

కింద జాలీ మాత్రం రేకు వంగకుండా భద్రంగా ఉంది. మామగారికి ఆ మేరకు న్యాయం చేయాలి. సందుల్లో సన్నదుమ్ము మాత్రం పట్టింది. బొజ్జయ్య టైర్లకు గాలి కొట్టే గొట్టం లాక్కొచ్చాడు.

"ఒక్కటే దెబ్బ గొడ్త, మొత్తం పోతది."

"అయ్యో, వద్దు తాతా! రేకులు పల్చగా ఉన్నాయి, వంగిపోతాయి. దూరంనుంచి కొట్టు. ముందునుంచి కాదు, ఇంజను వైపునుంచి బయటకి. వచ్చినదారినే పోవాలి దుమ్ము."

"నువ్వు మెకానిక్ చదివినవా బిడ్డా?"

"లేదు తాతా, చెట్ల గురించి చదివాను."

బొజ్జయ్య ఆమె చెప్పినట్టే దూరంనుంచి కొట్టాడు. తర్వాత నాగలత మగ్గుతో మెల్లగా నీళ్లు పోసింది. నల్లటి నీళ్లు, ఆ తర్వాత ఎర్రటివి, చివరికి మామూలు నీళ్లు. అవతలి వెలుతురు జాలీలోంచి చుక్కలు చుక్కలుగా కనిపించింది.

గ్రిల్లు బిగిస్తూ ఆయన డబ్బాల వైపు తల ఊపాడు. "ఏమున్నయమ్మా అండ్ల?"

"పుట్టగొడుగులు" అంది సక్రి.

"పుట్టగొడుగులా! వానకాలం అడివిల మేం ఒడినిండ ఏరుకుంటం. ఏసీ బండ్ల పొయ్యే పుట్టగొడుగుల్ని గిప్పుడే చూస్తున్న."

"మావి సదువుకున్నయి" అంది సక్రి.

తొమ్మిదీ యాభైకి కదిలారు. నాగలతకి ఇంకో సంగతి కూడా తట్టింది. గాలి బయటినుంచి రావాలా, లోపలిదే తిరగాలా అని చెప్పే చిన్న మీట ఒకటుంది. మూసిన గాలి ఒంటికి మంచిది కాదని మామగారు దాన్ని ఎప్పుడూ బయటి గాలి వైపే ఉంచేవారు. అంటే నలభై మూడు డిగ్రీల గాలిని లోపలికి పిలిచి, దాన్ని చల్లబరచమని పాత ఏసీని అడుగుతున్నారన్నమాట. ఆమె మీటను అటునుంచి ఇటు జరిపింది. అది ఏళ్లుగా కదలక కిర్రుమంది.

కొత్తగూడెం దాటేసరికి బండి లోపల చల్లబడింది. పాల్వంచ దాటేసరికి బాగా చల్లబడింది. వేడి చూపే ముల్లు బుద్ధిగా మధ్యలో కూర్చుంది. రోడ్డుకి రెండువైపులా ఆకు రాల్చిన టేకుచెట్లు ఎండలో కడ్డీల్లా నిలబడి ఉంటే, లోపల సక్రి కొంగు మెడ చుట్టూ చుట్టుకుంది.

కానీ ఇద్దరూ సంతోషంగా లేరు. బండి బాగుపడింది సరే, డబ్బాలు మాత్రం ముప్పావుగంట వేడి నీడలో కూర్చున్నాయి. లోపల ఏమైందో మూత తీస్తే గానీ తెలియదు.

"ఒక్కటి తీసి చూస్త లతమ్మా."

"తీయకండి. వెచ్చటి చెయ్యి తగిలితే మచ్చ పడుతుంది."

అయిదు నిమిషాలు. "మూత సందుల కెళ్లి చూస్త."

"సక్రక్కా!"

"చూస్తలేను. వాసన జూస్తున్న అంతే."

"ఎలా ఉంది?"

"నీ బండి వాసనొస్తున్నది" అంది సక్రి. "మిరపకాయ."

నాగలత స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ముందు పోతున్న ఇసుక లారీని దాటే చోటు కోసం చూసింది. గోదావరి వంతెన ఎక్కేసరికి పదకొండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. వంతెన మీద యాత్రికుల బస్సు ఒకటి, ఎవరో నదికి దండం పెట్టుకోవడానికన్నట్టు, నిదానంగా పాకుతోంది. హోటల్ వెనక గేటు ముందు ఆగేసరికి పదకొండూ నాలుగు.

ఉదయ్ భాస్కర్ గుమ్మంలోనే ఉన్నాడు. గడియారం చూడలేదు, చూసినంత పని చేశాడు. డబ్బాలను వంటింటి రాతిబల్ల మీద వరసగా పెట్టించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మొదటి మూత తీశాడు.

తెల్లగా ఉన్నాయి. కొట్టంలో కోసినప్పటి తెలుపే. ఆయన ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. గట్టిగా తిరిగి లేచింది. రెండోది, మూడోది. సక్రి ఒక్కో మూతకూ ఒక్కో అడుగు ముందుకు వేసి, అయిదో డబ్బాకి బల్లకు ఆనుకుంది. ఎనిమిదో డబ్బా తీసేసరికి లోపల మూతకు నీటిచుక్కలున్నాయి. గొడుగుల అంచులు పసుపెక్కాయి. షాపు వెనక నీడ జరిగినప్పుడు ఎండ తగిలిన డబ్బా అదే అయి ఉంటుంది. ఉదయ్ భాస్కర్ దాన్ని పక్కకు జరిపాడు. తొమ్మిది, పది తీశాడు.

ఆయన కళ్లజోడు మళ్లీ ముక్కు మీదికి దించుకున్నాడు.

"తొమ్మిది మంచిగున్నయి" అన్నాడు.

"పదోది గూడ మంచిదే" అంది సక్రి. "జరంత భయపడ్డది."

ఉదయ్ భాస్కర్ నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయాడు. "ఏం జేసిండ్రు మేడమ్? పోయినసారి గిట్ల లేవు గదా. కొత్త బండి తీస్కున్నరా?"

"లేదండీ, పాతదాన్నే కొంచెం ఊపిరి పీల్చుకోనిచ్చాం."

ఆయన తొమ్మిది డబ్బాలు లోపలికి పంపించి, గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లాడు. రేపటినుంచి సెలవుల రద్దీ అని తనలో తనే అనుకుంటూ వేలితో గళ్లు లెక్కపెట్టాడు. నాగలతకు ఆ వేలు ఎక్కడ ఆగుతుందో తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"శుక్రవారం పదిహేను కిలోలు తేగల్తరా?"

నాగలత నోరు తెరిచేలోపే సక్రి అందుకుంది. "పదిహేనా! పన్నెండు తెస్తం. పదిహేనంటే అవి పెరగాలె గద సారూ. మేం పెరగమంటే పెరుగుతయా?"

"సరే, పన్నెండు. వచ్చే నెల నుంచి పదిహేను. టైముకు ముందే రావాలె, గిట్లనే ఉండాలె."

"గిట్లనే ఉంటయి" అంది సక్రి. అని, పక్కకు జరిపిన ఎనిమిదో డబ్బాను తీసుకుని చంకలో పెట్టుకుంది.

బయట ఎండ కళ్లు మూయిస్తోంది. సక్రి బండెక్కకుండా గేటు నీడలోనే నిలబడి తండాకు ఫోన్ చేసింది. అవతల రూప్లి ఎత్తింది. ఆమె వెనక మిగతా అయిదుగురి గొంతులూ ఒకేసారి వినపడ్డాయి.

"రూప్లీ, ఇను... అవ్, చేరినం... ఏమన్నడా? ఏమంటడు, శుక్రవారం రమ్మన్నడు... అరే, ఒర్లకుర్రి, ఇనుర్రి ముందుగాల. కొట్టంల ఆ కొసకు ఖాళీ తాళ్లున్నయి గద, ఇయ్యాల్నే గడ్డి నానబెట్టుర్రి. అన్నిటికీ సంచులు కట్టాలె. మేమొచ్చేదాక గోనెలు ఆరనియ్యకుర్రి."

నాగలత స్టీరింగ్ ముందు కూర్చుని పొద్దుటి నుంచి మొదటిసారి మంచినీళ్లు తాగింది. పన్నెండు కిలోలకు రెండు డబ్బాలు ఎక్కువ కావాలి, వాటిని వెనక సీట్లో ఎండ తగలని వైపు సర్దాలి, పొద్దున అరగంట ముందు బయల్దేరాలి. అరగంట ముందంటే ఇంట్లో టిఫిన్ ఎవరు చేస్తారన్న ప్రశ్న వచ్చింది. జయప్రకాశ్‌కి ఉప్మా వచ్చు. వచ్చని ఆయనకు తెలియదు, శుక్రవారం తెలుస్తుంది.